సీసా అడుగున ముప్పై మిల్లీలీటర్లు

ఇరవై ఒకటో తేదీ ఉదయం 8.40కి ఏడేళ్ల పాప నాలుగు మెట్ల మీంచి పడింది.

ఆ మెట్లు పిల్లల్ని చూసుకునే ఒక కేంద్రానివి. దాన్ని నడిపే యాభై రెండేళ్ల మనిషిని పిల్లలూ, వాళ్ల అమ్మానాన్నలూ ఆయమ్మ అనే పిలుస్తారు. 8.41కి ఆయమ్మ పాపని పక్కకి తిప్పి పడుకోబెట్టింది. 9.05కి కేంద్రం వ్యాన్‌లో ఆసుపత్రికి చేర్చింది. 11.30కి రక్తపరీక్ష ఫలితం వచ్చింది. పాప ఆరు నెలలుగా వాడుతున్న మూర్ఛమందు రక్తంలో ఉండాల్సిన దానికి రెట్టింపు ఉంది. మర్నాడు పాప తండ్రి ఫిర్యాదు ఇచ్చాడు. సాయంత్రం 6 గంటలకి పోలీసులు ఆయమ్మని స్టేషన్‌కి తీసుకెళ్లారు.

ఇరవై మూడో తేదీ మధ్యాహ్నం 1.10కి పాప తల్లి డిటెక్టివ్ ఆఫీసుకి వచ్చింది. ఆమె బస్సు కండక్టరు. యూనిఫాం మార్చుకోలేదు.

"ఫిర్యాదు ఇచ్చింది మా ఆయన, నేను కాదు," అంది. "ఆయమ్మని విడిపించండి."

డిటెక్టివ్ మందుల పరీక్షశాలలో ఇరవై రెండేళ్లు పనిచేసి బయటికొచ్చిన మనిషి. ఏ మాట విన్నా పక్కన టైం రాసుకుంటుంది. అందుకని పోలీసులు ఆమెకి గడియారం అని పేరు పెట్టారు.

"పాపకి మందు ఎక్కువైంది. దానంతటదే ఎక్కువ కాదు కదా?"

"ఎవరు పోశారో నాకు తెలీదు మేడం. ఆయమ్మ చేతిలో పాపకి మూడుసార్లు మూర్ఛ వచ్చింది. మూడుసార్లూ పక్కకి తిప్పి, టైం చూసుకుని, నాకు ఫోన్ చేసింది. మొట్టమొదట మా ఇంట్లో వచ్చినప్పుడు మేం ఏం చేశామో తెలుసా? నోట్లో చెంచా పెట్టాం. పన్ను విరిగింది. పక్కకి తిప్పాలని మాకు నేర్పింది ఆయమ్మే. అలాంటి మనిషిని జైల్లో పెట్టిస్తే నా బిడ్డ మొహం నేనెలా చూడను?"

"ఇంట్లో మందు ఎవరు పోస్తారు?"

"మా మామయ్యగారు. పొద్దున ఏడుకి ఒకసారి, సాయంత్రం ఏడుకి ఒకసారి. సిరంజితో ఐదు మిల్లీలీటర్లు. చుక్క ఎక్కువుండదు, చుక్క తక్కువుండదు. ఆయన ఫర్నిచర్ పాలిష్ మేస్త్రి. కొలత తప్పితే అన్నం తినరు."

"మీ ఆయన వాదన కూడా అదేనా?"

"అదే. ఇంట్లో కొలత తప్పదు, కాబట్టి బయటే తప్పిందంటాడు. ఐదు గంటలకి ఆయమ్మని మేజిస్ట్రేటు ముందు పెడతారట. పెడితే కేంద్రం మూతపడుతుంది. పదకొండుమంది పిల్లలున్నారక్కడ."

డిటెక్టివ్ 1.22 అని రాసుకుని లేచింది.

*

1.50కి ఆసుపత్రిలో పిల్లల నరాల డాక్టరు కేసు కాగితాలు ముందేసుకుని కూర్చుని ఉంది.

"ముందుగా ఒక మాట," అంది డాక్టరు. "మందుని తిట్టకండి. ఈ మందు మొదలుపెట్టక ముందు ఈ పాపకి వారంలో నాలుగుసార్లు మూర్ఛ వచ్చేది. ఇప్పుడు నెలకి ఒకటో రెండో. మందుకి మనం దండం పెట్టాలి."

"నేను తిట్టను. తొమ్మిదేళ్ల నుంచి పదిహేడేళ్ల దాకా నేనూ ఇదే తాగాను."

డాక్టరు తలెత్తి చూసింది. "ఈ మందుకి చిగుళ్లు వాస్తాయి. మీకు?"

"వాచాయి. రెండుసార్లు కోయించుకున్నాను. అయినా చదువుకున్నాను, ఉద్యోగం చేశాను. ఎక్కువైతే ఏమవుతుందో చెప్పండి."

"నడక తూలుతుంది. మాట ముద్దగా వస్తుంది. కళ్లు పక్కలకి కొట్టుకుంటాయి. చెంచా నోటికి పోవాల్సింది చెంపకి పోతుంది. వాంతులు, మగత. తెలియనివాళ్లు చూస్తే తాగొచ్చిందనుకుంటారు. ఈ మందుతో చిక్కేమిటంటే మంచి చేసే కొలతకీ చెడు చేసే కొలతకీ మధ్య దూరం తక్కువ. కొంచెం పెరిగినా రక్తంలో బాగా పెరుగుతుంది."

"తక్కువైతే?"

"మూర్ఛ వస్తుంది." డాక్టరు కాగితం తిప్పింది. "ఆరో తేదీన వచ్చిందని చెప్పారు. మందు చాలడం లేదేమో, వచ్చే వారం పెంచుదామనుకున్నా. పెంచకముందే ఈ ఆయమ్మ తీసుకొచ్చింది. ఎన్నింటికి పడిందో, ఏ వైపు పడిందో, ముందు రెండు రోజులు ఎలా నడిచిందో అన్నీ చెప్పింది. అందుకే మందు పాళ్లు చూడమని రక్తం పంపాను. లేకపోతే తలకి స్కాన్ తీయించి, దెబ్బేమీ లేదని, పెంచిన మందు చీటీతో ఇంటికి పంపేసేదాన్ని."

"ఈ మాట పోలీసులకి చెప్పారా?"

"వాళ్లు రక్తం రిపోర్టు ఒక్కటే అడిగారు."

పాప మంచం కిటికీ పక్కన ఉంది. ఈ పాపని ఆయమ్మ ముద్దుగా పిచ్చుక అని పిలుస్తుంది. పాప డిటెక్టివ్ నోటి వైపు చూసింది.

"నీకూ చిగుళ్లు వాచాయంట. డాక్టరమ్మ చెప్పింది." మాట ఇంకా ముద్దగానే ఉంది.

"వాచాయి. బళ్లో కుందేలు అనేవాళ్లు."

"నన్ను తాగుబోతు అంటారు."

"రోజూ అంటారా?"

పాప ఆలోచించింది. "రోజూ అనరు. కొన్ని రోజులు నేను బాగానే నడుస్తా. అప్పుడు ఎవరూ ఏమీ అనరు. మళ్లీ కొన్ని రోజులు నేల కదులుతుంది. అప్పుడంటారు."

డిటెక్టివ్ ఆ మాట యథాతథంగా రాసుకుంది. 2.12.

"ఆయమ్మ ఎప్పుడొస్తుంది?" అంది పాప. "నా జడ ఈ నర్సుకి రావట్లేదు."

*

స్టేషన్‌లో ఎస్సైని సాయంత్రం సారు అంటారు. పొద్దున వచ్చిన కేసు సాయంత్రానికి తేలాలన్నది ఆయన పద్ధతి. డిటెక్టివ్‌తో ఆయనకి ఇది మూడో కేసు. మొదటి రెండింటిలో చెరొకటి నెగ్గారు.

"రండి గడియారంగారూ," అన్నాడు 2.35కి. "ఇవాళ ఎన్ని నిమిషాలు లేటుగా నడుస్తున్నారు?"

"మీరు ఫాస్టుగా నడుస్తున్నారు సార్. అందుకని నేను లేటుగా కనిపిస్తున్నాను."

ఆయన నవ్వలేదు. సొరుగులోంచి ఒక సీసా తీసి బల్ల మీద పెట్టాడు. "వంద మిల్లీలీటర్ల సీసా. బస్సు లేటైతే వాడమని పాప తల్లే ఆయమ్మ దగ్గర ఉంచింది. సీలు తీసేసి ఉంది. ఒక్కసారే వాడానంటుంది."

"కొలిచారా?"

"ఏం కొలవాలి?"

"మందుని."

డిటెక్టివ్ సంచీలోంచి కొలపాత్ర తీసి, సీసాని ముప్పైసార్లు ఊపి, మందు అందులో పోసింది. గీత దగ్గర కళ్లు పెట్టి చూసింది. ఎస్సైని కూడా వంగి చూడమంది. తొంభై ఐదు.

"నీళ్లు కలిపి నింపి ఉండొచ్చు," అన్నాడు ఎస్సై.

"ఉండొచ్చు. ల్యాబుకి పంపండి, రేపు చెప్తారు."

"రేపటిదాకా ఆగడానికి నాది మీలా గోడకి తగిలించిన గడియారం ఉద్యోగం కాదు. పదకొండుమంది పిల్లలు, చూసుకునేది ఒక్క మనిషి. మందు కాస్త ఎక్కువ పోస్తే పిల్ల పడుకుంటుంది, ఈవిడకి పని తగ్గుతుంది. ఇందులో అర్థం కానిదేముంది?"

గోడవార బల్ల మీద కూర్చున్న ఆయమ్మ అప్పుడు నోరు విప్పింది.

"పిల్లల్ని పడుకోబెట్టాలంటే నేను కథ చెప్తాను సార్. నా కథలకి మీరైనా పది నిమిషాల్లో పడుకుంటారు."

కానిస్టేబుల్ నవ్వు ఆపుకోడానికి దగ్గాడు.

"ఆ సీసా ఎప్పుడు తెరిచారు ఆయమ్మా?" అంది డిటెక్టివ్.

"ఎనిమిదో తేదీనమ్మా. ఆ రోజు బస్సు దారిలో ఆగిపోయి వాళ్లమ్మ ఎనిమిదింటికి గానీ రాలేదు. ఏడుకి నేనే పోశాను. ఇంటికి ఫోన్ చేసి వాళ్ల తాతగారితో కూడా చెప్పాను, మళ్లీ పోస్తారేమోనని. నా పుస్తకంలో ఉంటుంది చూడండి."

పుస్తకం ఎస్సై బల్ల మీదే ఉంది, అట్ట కూడా తెరవకుండా. ఒక్కో పిల్లకి రోజుకి ఒక గీత. వచ్చిన టైం, వెళ్లిన టైం, తిన్నదీ, పడుకున్నదీ, తేడా ఏమైనా ఉంటే అదీ. డిటెక్టివ్ రెండు నెలల కిందటి పేజీ దగ్గర మొదలుపెట్టింది. ఈ పాప పేరున్న చాలా గీతల్లో తేడా గడి ఖాళీ. రాసి ఉన్నవి వేరే కాగితం మీదికి ఎత్తింది.

ఇరవై ఏడు: 4.10కి మూర్ఛ, రెండు నిమిషాలు. పది, పదకొండు, పన్నెండు: గోడ పట్టుకుని నడిచింది. పదిహేడు: 8.25కి మూర్ఛ, నిమిషంన్నర. ఒకటి, రెండు, మూడు: చెంచా చెంపకి తగిలింది, కళ్లు కొట్టుకుంటున్నాయి, అమ్మకి చెప్పాను. ఆరు: 5.02కి మూర్ఛ, రెండు నిమిషాలు. పంతొమ్మిది, ఇరవై: తూలింది. ఇరవై ఒకటి: పడింది.

"దొంగ చేతికే తాళాలిచ్చినట్టుంది," అన్నాడు ఎస్సై. "తన పుస్తకం తనే రాసుకుంటే తన తప్పు రాసుకుంటుందా?"

"ఆయమ్మా, పాప ఇంట్లో మందు సీసా ఏ తేదీన కొంటారో మీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుందమ్మా? వాళ్లింటి గుమ్మం కూడా నేనెప్పుడూ తొక్కలేదు."

"విన్నారు కదా సార్. తనకి తెలియదు. నాకూ తెలియదు. నాలుగింటికి పాప తాతగారింటి దగ్గరికి రండి. అప్పటికి తెలుసుకుని ఉంటాను."

"ఎందుకు రావాలి?"

"ఇప్పటికి చెరొకటి నెగ్గాం. మూడోది ఇంట్లో కూర్చుంటే రాదు."

*

3.15కి మందుల షాపు ఆయన బిల్లుల కట్ట విప్పాడు. ఇంటి సీసా రెండు వందల మిల్లీలీటర్లది. రోజుకి పది చొప్పున సరిగ్గా ఇరవై రోజులొస్తుంది. కొన్న తేదీలు వరసగా ఇరవై నాలుగు, పదమూడు, మూడు. అన్నీ సాయంత్రమే. మొదలుపెట్టేది మర్నాడు ఉదయం. నాలుగో సీసా పాప పడిన ఇరవై ఒకటో తేదీ సాయంత్రం కొన్నారు.

"వాళ్ల తాతగారు ఒక్కరోజు ముందూ రారు, ఒక్కరోజు వెనకా రారు," అన్నాడు షాపు ఆయన. "మొన్నొక్కసారే ముందుగా వచ్చారు. ఆసుపత్రిలో అవసరమవుతుందేమోనన్నారు."

డిటెక్టివ్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టింది. మూర్ఛ వచ్చింది సీసా మొదలుపెట్టిన మూడో రోజున, నాలుగో రోజున, మళ్లీ మూడో రోజున. తూలింది ప్రతిసారీ సీసా చివరి రోజుల్లో. మధ్యలో పది పన్నెండు రోజులు తేడా గడి ఖాళీ.

"ఈ మందు సీసా ఒకటి చూపించండి."

షాపు ఆయన సీసా తీసి, అలవాటు కొద్దీ మోతాదు చీటీ రాసి అతికించి ఇచ్చాడు. డిటెక్టివ్ ఆ చీటీ అంచుని గోటితో ఎత్తి కింద ఏముందో చూసింది.

"ఎప్పుడూ ఇక్కడే అతికిస్తారా?"

"అక్కడే మేడం. సీసా మీద చదునుగా ఉండే చోటు అదొక్కటే."

3.31.

*

4.02కి ఎస్సై జీపు దిగాడు. ఆయమ్మని స్టేషన్‌లోనే ఉంచి వచ్చాడు.

ఇల్లు రెండు గదులు. ముందు వసారాలో ఒక కుర్చీ సగం పాలిష్ అయి ఉంది. పక్కన వార్నిష్ డబ్బాలు, మడిచిన గుడ్డలు. మందు సీసా లోపలి గదిలో, భుజం ఎత్తున ఉన్న అలమరలో ఉంది. ఇరవై ఒకటిన కొన్నది. సీలు తీయలేదు. రెండు రోజులుగా కదిపినవాళ్లు లేరు.

తాతకి అరవై ఎనిమిదేళ్లు. గోళ్ల అంచుల్లో పాలిష్ రంగు దిగిపోయి ఉంది.

"మందు ఎలా పోస్తారో ఒకసారి చూపించండి బాబాయిగారూ," అంది డిటెక్టివ్. "పాప ఇక్కడే ఉందనుకోండి."

ఆయన చేతులు సబ్బుతో కడుక్కుని గుడ్డతో తుడుచుకున్నాడు. సీసాని రెండు చేతులతో, నిండు కుండ దించినట్టు దించి బల్ల మీద పెట్టాడు. లోపల మందు కదలడం ఆగేదాకా నిలబడ్డాడు. మూత తిప్పాడు. సిరంజి కొసని పైపైన ముంచి మెల్లగా లాగాడు. వెలుతురుకి ఎత్తి పట్టుకుని గోటితో రెండుసార్లు తట్టాడు.

"ఐదు. చూసుకోండి. బుడగ లేదు."

ఎస్సై చూశాడు. ఐదు. బుడగ లేదు.

"ఊపరా?" అంది డిటెక్టివ్.

"ఊపడమా!" పెద్దాయన సిరంజి దించాడు. "పన్నెండో ఏట పాలిష్ పనిలో చేరానమ్మా. మొదటిరోజే డబ్బా ఊపానని మా మేస్త్రి నా నెత్తిన ఒకటి మొట్టాడు. వార్నిష్ ఊపితే బుడగలొస్తాయి. బుడగలొస్తే చెక్క మీద మచ్చలు పడతాయి. యాభై ఆరేళ్లలో ఇంకెప్పుడూ డబ్బా ఊపలేదు. పైగా ఆసుపత్రిలో నర్సమ్మ కూడా అదే చెప్పింది. సిరంజిలో బుడగ ఉంటే కొలత తప్పుతుంది తాతా, జాగ్రత్త అని."

"పిడుక్కీ బియ్యానికీ ఒకే మంత్రమా?" అన్నాడు ఎస్సై.

డిటెక్టివ్ టార్చి వెలిగించి సీసా వెనక పెట్టింది. పై సగం పల్చటి మజ్జిగలా ఉంది. కింద ఒక వేలు మందాన వెలుతురు దూరలేదు.

"సార్, చూడండి. ఈ మందు నీళ్లలో కరగదు. పొడిగా తేలుతూ ఉంటుంది. కదపకుండా ఉంచితే అడుక్కి దిగుతుంది. పైనుంచి తీసిన ఐదు మిల్లీలీటర్లలో మందు తక్కువ, నీళ్లు ఎక్కువ. అందుకే సీసా మొదట్లో మూర్ఛ. అడుగునుంచి తీసిన ఐదులో మందు ఎక్కువ. అందుకే చివర్లో తూలడం. కొలత ఎప్పుడూ తప్పలేదు. కొలిచిన దానిలో ఉన్నదే మారింది."

ఆమె షాపువాడి చీటీని గోటితో లాగింది. కింద కంపెనీ అచ్చు వేసిన లైను బయటపడింది. పెద్దాయన కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి చదివాడు.

"వాడే... ముందు... సీసాను... బాగా ఊపవలెను."

ఆయన స్టూలు మీద కూర్చున్నాడు. సిరంజి ఇంకా చేతిలోనే ఉంది.

"అయితే నేనేనా? నా చేత్తోనేనా?"

ఎస్సై కిటికీలోంచి బయటికి చూశాడు.

"ఊపమని మీకు ఎవరూ చెప్పలేదు," అంది డిటెక్టివ్. "ఎంత పోస్తున్నారని అందరూ అడిగారు. ఎలా పోస్తున్నారని ఎవరూ అడగలేదు. మా అమ్మకి నర్సు చెప్పింది కాబట్టి ఊపింది. అందుకు నేనిప్పటికీ ఆ నర్సుని తలుచుకుంటాను."

"పిల్ల నడుస్తుందా?"

"నడుస్తుంది. పొద్దున కంటే మధ్యాహ్నానికి మాట నయమైందన్నారు. జడ సరిగ్గా వెయ్యడం లేదని నర్సు మీద చాడీలు చెప్పింది."

పెద్దాయన కళ్లు తుడుచుకున్నాడు. "ఆ ఆయమ్మ రాసిపెట్టింది కాబట్టి తెలిసింది. లేకపోతే రేపట్నుంచి మళ్లీ నేను ఇలాగే పోసేవాణ్ణి. ఆవిడ చల్లగా ఉండాలి. నా కొడుకు తరఫున నేను వెళ్లి దణ్ణం పెడతాను."

ఎస్సై ఫోన్ తీసి స్టేషన్‌కి చేశాడు. "మేజిస్ట్రేటు దగ్గరికి ఇవాళ ఎవరూ వెళ్లక్కర్లేదు. ఆవిడకి టీ ఇప్పించు. ఇంటికి వెళ్లొచ్చని చెప్పు." తర్వాత డిటెక్టివ్ వైపు తిరిగి, "రెండు ఒకటి. ఒప్పుకుంటున్నా," అన్నాడు.

4.24.

డిటెక్టివ్ తన నోటు పుస్తకం మూయలేదు. "బాబాయిగారూ, పాత సీసా ఏది? ల్యాబులో అడుగుమందు చూపిస్తే కాగితం పక్కాగా ఉంటుంది."

"అయిపోయింది."

"అయిపోకూడదు." ఆమె పుస్తకంలో వేలు పెట్టింది. "నాలుగో తేదీ నుంచి ఇరవై దాకా పదిహేడు రోజులు, నూట డెబ్బై. ఇరవై ఒకటి ఉదయం ఐదు. మొత్తం నూట డెబ్బై ఐదు. అందులో ఎనిమిదో తేదీ సాయంత్రం మందు ఆయమ్మ తన సీసాలోంచి పోసింది. అది తీసేస్తే నూట డెబ్బై. మీ కొలత తప్పదు కాబట్టి అడుగున ముప్పై ఉండాలి. ఆ ముప్పై ఎక్కడుంది?"

పెద్దాయన ఎస్సై వైపు, డిటెక్టివ్ వైపు చూశాడు.

"తప్పు చెయ్యలేదమ్మా. ఇచ్చేశాను."

"ఎవరికి?"

"ఆరు నెలల కింద పాపకి మొదట మందు రాసినప్పుడు ఆసుపత్రి కౌంటర్లో అయిపోయింది. షాపులోనూ లేదు. వరసలో ఉన్న ఒకావిడ తన బిడ్డ సీసాలోంచి సగం మాకు వంచింది. ఆవిడ ఎవరో నాకు తెలీదు. అది తాగి ఆ పూట మా పిల్ల బాగుంది. నిన్న పదకొండింటికి అదే కౌంటరు దగ్గర ఒకమ్మాయి నిలబడి ఏడుస్తోంది. నాలుగేళ్ల పిల్లాడు, అదే మందు, కౌంటర్లో స్టాకు లేదన్నారు, షాపులో కొనడానికి డబ్బుల్లేవు. పాపకి మందు ఆపారు కదా, మా సీసా నా సంచీలో ఉంది. ఇచ్చాను. అడుగుది చిక్కగా ఉంటుంది, సారమంతా అందులోనే ఉంటుంది, మంచిదే ఇస్తున్నానమ్మా అని చెప్పి మరీ ఇచ్చాను."

డిటెక్టివ్ బల్ల మీది సీసా అడుగున ఉన్న చిక్కటి పొర వైపు చూసింది.

"ఊపి పొయ్యమని చెప్తే సరిపోదా?" అన్నాడు ఎస్సై.

"సరిపోదు. పల్చటిదంతా ఈ పాప తాగేసింది. మిగిలిన ముప్పై అంతా చిక్కటిదే. ఎంత ఊపినా చిక్కటిదే వస్తుంది. పిల్లాడికి ఎంత పోస్తానంది బాబాయిగారూ?"

"మూడు. పొద్దున ఏడు, సాయంత్రం ఏడు. మాకు చెప్పినట్టే."

"నిన్న సాయంత్రం ఒకటి, ఇవాళ పొద్దున ఒకటి. రెండు పోసేసి ఉంటుంది." ఆమె టైం చూసింది. 4.31. "మూడోదానికి రెండున్నర గంటలుంది. ఆవిడ గురించి ఏం గుర్తుంది?"

"చేతి మీద కాలిన గీతలున్నాయి. అడ్డంగా, వరసగా. అడిగితే ఇస్త్రీ అంది."

*

4.55కి ఆసుపత్రి ఉచిత మందుల కౌంటర్లో రిజిస్టరు తెరిచారు. స్టాకు లేక వెనక్కి పంపినవాళ్ల వివరాలు అక్కడి గుమాస్తా వేరుగా రాసి ఉంచాడు. ఇరవై రెండో తేదీ పద్నాలుగు మంది. ఐదేళ్లలోపు పిల్లాడు, మూర్ఛమందు, ఒక్కడే. తల్లి పని: లాండ్రీ. ఫోన్ నంబరు ఉంది. చిరునామా గడిలో వీధి మాత్రం ఉంది, ఇంటి నంబరు లేదు.

"ఇది రాసి ఉంచినందుకు మీ చేతులకి దండం," అంది డిటెక్టివ్.

"నన్ను రాయమని ఎవరూ చెప్పలేదు మేడం," అన్నాడు గుమాస్తా. "స్టాకు రాగానే ఫోన్ చేద్దామని రాసుకుంటాను."

ఫోన్ స్విచాఫ్. ఎస్సై ఇద్దరు కానిస్టేబుళ్లని ఆ వీధికి పంపాడు. వీధి పొడవు కిలోమీటరు. అటూ ఇటూ మూడంతస్తుల ఇళ్లు.

5.20కి ఆయమ్మ ఆసుపత్రికి వచ్చింది. ఇంటికి వెళ్లకుండా పాపకి జడ వేయడానికి వచ్చానంది. సంగతి విని కౌంటరు ముందు బల్ల మీద కూర్చుంది.

"నంబరు నాకివ్వండి. మీరు తిరగండి, నేను చేస్తూ ఉంటాను. లాండ్రీల్లో షిఫ్టు అయ్యేదాకా ఫోన్లు పెట్టెలో పెట్టిస్తారు. మా పిల్లల తల్లుల్లో ఇద్దరు అక్కడే పని."

"షిఫ్టు ఎన్నింటికి వదుల్తారు?"

"ఆరున్నర."

ఎస్సై జేబులోంచి తన ఫోన్ తీసి ఆమె చేతికిచ్చాడు. "మీదానిలో చార్జింగ్ ఉండదు. నిన్నట్నుంచి మా దగ్గరే ఉంది కదా."

"ఉండదు సార్," అంది ఆయమ్మ. "మీ స్టేషన్లో చార్జరు అడిగితే కానిస్టేబుల్ బాబు వాళ్లింటి నుంచి తెమ్మని ఫోన్ చేశాడు. అది ఇంకా రాలేదు."

ఎస్సై జీపులో ఉన్న కానిస్టేబుల్ ఫోన్ తీసుకుని వీధికి బయల్దేరాడు. ఆయమ్మ ఐదు నిమిషాలకోసారి నంబరు కొట్టింది. కొట్టిన ప్రతిసారీ చీటీ వెనక టైం రాసింది. పదిహేను టైములు ఖాళీగా పడ్డాయి. పదహారోది 6.41. ఆ పక్కన "ఎత్తింది" అని రాసింది.

"తల్లీ, నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. నిన్న ఒక తాతగారు మందు ఇచ్చారు చూడు, అది బాబుకి పొయ్యకు. ఒక్క చుక్క కూడా పొయ్యకు. బాబెలా ఉన్నాడు?"

ఆయమ్మ విన్నది విన్నట్టు పైకి చెప్పింది. పొద్దున్నుంచి తూలుతున్నాడట. నిద్ర చాలలేదనుకున్నారట. తల్లి బస్సులో ఉంది, ఇంటికి చేరేసరికి 7.15 అవుతుంది. మందు పోసేది పొరుగావిడ. ఏడు కొట్టగానే పొయ్యమని చెప్పి వెళ్లింది. ఆవిడకి ఫోన్ లేదు.

"ఇల్లు ఎక్కడో చెప్పమ్మా. పోలీసులు అక్కడే ఉన్నారు. భయపడకు, మంచి పోలీసులే."

6.44కి ఇంటి గుర్తులు ఎస్సైకి చేరాయి. వీధి రెండో చివర, రెండో అంతస్తు, నీలం తలుపు.

6.57కి ఎస్సై ఆ తలుపు తట్టాడు. పొరుగావిడ చేతిలో సీసాతోనే వచ్చి తీసింది. మాట్లాడుతూ కూడా సీసాని ఊపుతూనే ఉంది. బాగా ఊపాలని తల్లి మరీమరీ చెప్పి వెళ్లిందట. పిల్లాడు చాప మీద కూర్చుని గోడకి ఆనుకుని ఉన్నాడు. పిలిస్తే తల తిప్పాడు.

7.26కి పిల్లాడు ఆసుపత్రిలో ఉన్నాడు. రక్తం తీశారు. పాప ఉన్న వార్డులోనే, రెండు మంచాల అవతల పడుకోబెట్టారు. తల్లి 7.40కి వచ్చింది. పాప తాత లేచి నిలబడ్డాడు. ఆ అమ్మాయి ముందు పిల్లాడిని చూసుకుంది. తర్వాత వచ్చి ఆయన చేతులు పట్టుకుంది.

"మీరివ్వకపోతే నిన్ననే వాడికి మూర్ఛ వచ్చేది బాబాయ్," అంది. "ఇచ్చారు. ఇచ్చింది మళ్లీ వచ్చి తీసుకున్నారు. రెండూ వాడి కోసమేగా."

పాప మంచం మీద ఆయమ్మ జడ వేస్తోంది. రెండో పాయ దగ్గర ఉంది.

7.52కి డాక్టరు గదిలో డిటెక్టివ్ కొలపాత్ర బల్ల మీద పెట్టి, పిల్లాడి ఇంటి నుంచి తెచ్చిన సీసాలో ఉన్నదంతా పోసింది. గీత దగ్గరకి ముందు ఎస్సై వంగి చూశాడు. పిల్లాడి మోతాదులు రెండు, ఆరు మిల్లీలీటర్లు. పాత్రలో ఇరవై నాలుగు ఉంది.